170 సెకన్లు

గోదావరిఖనిలో పుట్టినవాళ్లకు 'అన్‌ఫిట్' అనే మాట కొత్త కాదు. మా దగ్గర బొగ్గు గనిని బాయి అంటారు. బాయిలో పాతికేళ్లు పనిచేసిన మనిషికి నడుము పోయినా, ఊపిరి ఆడకపోయినా కొత్తగూడెం మెయిన్ హాస్పిటల్‌కు పోయి మెడికల్ బోర్డు ముందు నిలబడాలి. బోర్డు 'అన్‌ఫిట్' అంటే తండ్రి ఇంటికి, కొడుకు బాయికి. ఇంకో ఊళ్లో అయితే ఆ మాట విని ఏడుస్తారేమో. మా కాలనీలో స్వీట్లు పంచిన ఇళ్లు చూశాను నేను.

2016 చివర్లో సింగరేణిలో వారసత్వ ఉద్యోగాల స్కీమ్ ప్రకటించినప్పుడు మా వీధిలో ఎక్కడ విన్నా అదే ముచ్చట. ఎవరి కొడుకు వయసెంత, ఎవరికి సర్వీసు ఎంత మిగిలింది, ఎవరికి షుగర్, ఎవరికి బీపీ. అందరి జబ్బులూ ఆస్తుల్లాగా లెక్కకొచ్చాయి. (ఆ స్కీమ్‌ను 2017 మార్చిలో హైకోర్టు కొట్టేసింది. 2018లో కారుణ్య నియామకాల పేరుతో ఇంకో దారి తెరిచారు. అది వేరే కథ.) మా పక్క క్వార్టర్ మామ 11వ ఇంక్లైన్‌లో ఫిట్టర్. ఆయన మాత్రం ఆ ముచ్చట్లలో కూర్చోలేదు. ఆ కాగితం మీద పేరు రాయాల్సిన కొడుకు అప్పుడు హైదరాబాద్‌లో ఆస్పత్రి మంచం మీద ఉన్నాడు. వయసు 19.

"మా బాపు కంటే ముందు నేనే అయిన బే. ఫిట్టర్ కొడుకు అన్‌ఫిట్" అన్నాడు వాడు ఫోన్‌లో. అని వాడే నవ్వాడు. వాడి జోకులకు ఎప్పుడూ ముందు వాడే నవ్వేవాడు.

వాడి పేరు ఇక్కడ రాయడం లేదు. "పేరు రాయకు కొడుకా, చదివినోళ్లంత ఫోన్ చేసి మల్ల మొదటిసంది అడుగుతరు" అంది వాళ్లమ్మ. వాడున్నప్పుడు కూడా మేం ఒకరినొకరం పేరు పెట్టి పిలుచుకున్నది తక్కువే. అరేయ్, బే, లేకపోతే ఇక్కడ రాయలేని ఇంకో మాట. కాబట్టి 'వాడు' అంటేనే నాకు వాడు కనిపిస్తాడు.

వాడి గురించి ముందు చెప్పాల్సింది జబ్బు కాదు, ఉరుకుడు. మా ఊళ్లో జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం ఉంది. పొద్దున ఐదు గంటలకు అక్కడికి పోతే నైట్ షిఫ్ట్ దిగి ఇంటికి పోయే వాళ్లు ఒకవైపు, పోలీసు ఉద్యోగం కోసం ఉరికే పిల్లలు ఒకవైపు. అప్పట్లో కానిస్టేబుల్ ఈవెంట్స్‌లో మగపిల్లలకు 800 మీటర్ల పరుగు ఉండేది. 170 సెకన్లలో ఉరకాలి. మా పిల్లలకు ఎంసెట్ ర్యాంకు గుర్తుండకపోయినా ఆ 170 గుర్తుండేది. వాడికైతే అది ఫోన్ పాస్‌వర్డ్‌లో కూడా ఉండేది.

నాకు ఉరుకుడు రాదు. నా పని స్టాప్‌వాచ్ నొక్కడం. మొదట్లో వాడికి మూడు నిమిషాలు పట్టేది. ఇంటర్ అయిపోయే నాటికి 161. డిగ్రీ ఫస్టియర్‌లో ఒక రోజు 152 వచ్చింది. ఫోన్ చూపిస్తే నమ్మలేదు. "నువ్వు లేటుగ నొక్కినవ్" అని మళ్లీ ఉరికాడు. ఈసారి 158. దానికీ నన్నే తిట్టాడు. తర్వాత మెయిన్ చౌరస్తాలో మిర్చి బజ్జీలు తిని, డబ్బులు నాతోనే ఇప్పించాడు. కోచ్‌కు టిఫిన్ పెట్టడం రన్నర్ బాధ్యత కాదట, రన్నర్‌కు పెట్టడమే కోచ్ బాధ్యతట.

మామకు ఈ పోలీసు పిచ్చి నచ్చేది కాదు. బాయి ఉద్యోగం అంటే క్వార్టర్, కరెంటు, ఆస్పత్రి, లాభాల వాటా. "భూమి మీద ఉద్యోగం కావాలె నాకు" అనేవాడు వీడు. తండ్రీకొడుకులు ఈ విషయంలో నెలల తరబడి మాట్లాడుకోని రోజులున్నాయి. మధ్యలో అత్తమ్మ రాయబారం. అన్నం పెట్టేటప్పుడు ఒకరి మాట ఇంకొకరికి చేరవేసేది, ఇద్దరూ ఒకే చాప మీద కూర్చున్నా సరే.

2016 ఎండాకాలంలో ఎడమ మోకాలి పైన నొప్పి మొదలైంది.

మోకాలి నొప్పి అంటే మా కాలనీలో ఎవరూ తల తిప్పి చూడరు. బాయిలోకి దిగి ఎక్కే వాళ్ల ఇళ్లలో నొప్పి కూడా ఒక కుటుంబ సభ్యుడే. ప్రతి ఇంట్లో జిందా తిలిస్మాత్ సీసా ఉంటుంది. వాడికీ అదే రాశారు. స్టేడియంలో సీనియర్లు షూ మార్చమన్నారు. ఒక ప్రైవేటు డాక్టరు లిగమెంట్ అని చెప్పి పది రోజులకు గోళీలు రాశాడు. ఎవరో చెబితే పక్క ఊరికి పోయి ఆకు పసరు కట్టు కూడా కట్టించుకొచ్చారు. రెండు వారాలు తగ్గినట్టే అనిపించింది. మళ్లీ వచ్చింది. తేడా ఏంటంటే, ఉరికినప్పుడు వచ్చే నొప్పి పండుకుంటే తగ్గాలి. వీడికి పండుకున్నాకే ఎక్కువయ్యేది. రాత్రి రెండింటికి లేచి కూర్చునేవాడు. జూలై చివరికి మోకాలి పైన గట్టిగా వాపు వచ్చింది. ఆగస్టులో ఎక్స్‌రే తీశారు. ఆ ఫిల్మ్‌ను లైట్‌కు పెట్టి చూసిన డాక్టరు వాడిని బయట కూర్చోమని మామను లోపలికి పిలిచాడట. వాడు ఆ సంగతి చెబుతూ, "అప్పుడే సమజైంది బే. నా కాలు గురించి నాకు కాకుండ మా బాపుకు చెప్తాండంటే ఏదో పెద్దదే" అన్నాడు.

ఆస్టియోసార్కోమా. ఎముకలో పుట్టే క్యాన్సర్. ఎక్కువగా వచ్చేది మన వయసు వాళ్లకే: ఎముకలు గబగబా పెరిగే టీనేజ్‌లో, ఇరవైల మొదట్లో. ఎక్కువగా కనిపించే చోటు మోకాలి చుట్టుపక్కల, అంటే తొడ ఎముక కింది చివర, కాలి ఎముక పై చివర. ఆటల వల్ల రాదు, దెబ్బ వల్ల రాదు. దెబ్బ తగిలినప్పుడు ఎక్స్‌రే తీస్తే అప్పటికే ఉన్నది బయటపడుతుంది, అంతే. అరుదైన జబ్బు కాబట్టి మోకాలు నొచ్చిన ప్రతివాళ్లూ భయపడాల్సిన పని లేదు. కానీ రాత్రిపూట నిద్ర లేపే నొప్పి, వారాలైనా పోని నొప్పి, దాంతో పాటు వాపు ఉంటే ఒక ఎక్స్‌రే తీయించుకోవాలి. దానికి పెద్ద ఖర్చు కాదు. గడ్డ ఉన్నచోట గట్టిగా మర్దన చేయడం, కట్టు కట్టడం మాత్రం వద్దని ఎముకల డాక్టర్లు ఎప్పుడూ చెప్పేదే.

వార్త తెలిసిన రోజు నుంచి కాలనీ మొత్తం ఒకటే ప్రశ్న. ఎందుకొచ్చింది?

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను. మా పనిలో అర్ధరాత్రి సర్వర్ పడిపోతే, తెల్లారి దాన్ని లేపాక ఒక డాక్యుమెంట్ రాయాలి. రూట్ కాజ్ అనాలిసిస్ అంటారు. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఎక్కడ మొదలైంది, మళ్లీ జరగకుండా ఏం చేయాలి. కారణం దొరికితే మనసు కుదుటపడుతుంది. మా ఊరు కూడా అలాగే తయారైంది. 2003 జూన్ 16న 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు ముంచెత్తి 17 మంది పోయారు. అప్పుడు నాకు ఆరేళ్లు. ఆ రోజు బాయి దగ్గరికి ఉరికిన ఆడవాళ్లు గుర్తున్నారు నాకు. అంత పెద్ద దుఃఖంలోనూ 'ఎందుకు' అనే దానికి ఒక జవాబు ఉంది. నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో, ఏ గోడ తెగిందో విచారించవచ్చు. పైకప్పు కూలినా, గ్యాస్ వచ్చినా, తాడు తెగినా మా ఊరికి ఆ చావు అర్థమవుతుంది. దాని కోసం ఒక సైరన్ ఉంది, నష్టపరిహారం ఉంది, యూనియన్ల సంతాపసభ ఉంది.

పందొమ్మిదేళ్ల పిల్లోని తొడ ఎముకకు మాత్రం దేని మీద నేరం మోపాలో తెలియలేదు. అయినా మోపారు. బొగ్గు దుమ్ము అన్నారు. పవర్ ప్లాంట్ బూడిద అన్నారు. ఫోన్ జేబులో పెట్టుకుంటడు అన్నారు. పొద్దున్నే పరిగడుపున ఉరికిండు అన్నారు. మా గాలి మంచిదని నేను అనను, మేడ మీద ఆరేసిన తెల్ల చొక్కాను అడిగితే చెబుతుంది. కానీ ఈ జబ్బు గురించి డాక్టరు చెప్పింది వేరు. చాలామంది పిల్లల్లో దీనికి కారణం ఏదీ దొరకదు, ఎముక పెరిగేటప్పుడు ఒక కణంలో తప్పు దొర్లుతుంది, అంతే అన్నాడు. ఆ జవాబు ఎవరికీ సరిపోలేదు. అందుకే చివరికి ఇంకో ప్రశ్న పుట్టింది: "పిల్లగానికి ఏమన్న అలవాట్లుండెనా?"

అది అడిగినవాళ్లు చెడ్డవాళ్లు కాదు. వాళ్ల కొడుకులు కూడా అదే స్టేడియంలో ఉరుకుతున్నారు. వీడిలో ఏదో ఒక తప్పు దొరికితే తమ పిల్లలకు రాదని ధైర్యం. అది నాకు అర్థమవుతుంది. కానీ ఆ ప్రశ్న వాళ్లమ్మ వినేది. తలుపు చాటున నిలబడి, చాయ్ గ్లాసులు పట్టుకుని వినేది. సిగరెట్ కూడా ముట్టని కొడుకు గురించి ప్రతివాళ్లకూ సాక్ష్యం చెప్పుకోవాల్సి వచ్చేది ఆమెకు.

చికిత్స హైదరాబాద్‌లో. మా ఊరి నుంచి రాజీవ్ రహదారి మీద రెండొందల కిలోమీటర్ల పైనే. ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కితే జూబ్లీ బస్ స్టేషన్‌లో దింపుతుంది. మామ షిఫ్టులు మార్చుకుని, లీవులు అయిపోతే నాగాలు పెట్టి తిరిగాడు. ముందు కీమోథెరపీ, తర్వాత ఆపరేషన్, మళ్లీ కీమో. ఈ జబ్బుకు ఇదే వరస. 1970ల ముందు కాలు తీసేయడం ఒక్కటే దారి. కాలు తీసినా ఐదుగురిలో నలుగురు దక్కేవాళ్లు కాదు, ఎందుకంటే కంటికి కనిపించని కణాలు అప్పటికే ఊపిరితిత్తులకు చేరి ఉండేవి. కీమో వచ్చాక లెక్క మారింది. జబ్బు పాకకముందే దొరికితే ఇప్పుడు సగానికి పైగా బతుకుతున్నారు. చాలామందికి కాలు కూడా మిగులుతుంది. పాడైన ఎముక ముక్కను కోసేసి ఆ జాగాలో లోహంతో చేసిన ఎముక, మోకాలు అమరుస్తారు.

కీమోలో ఒకటి ఎర్ర మందు. అది ఎక్కించిన రోజు మూత్రం కూడా ఎర్రగా వస్తుంది. వాడు దానికి 'రూహ్ అఫ్జా' అని పేరు పెట్టాడు. జుట్టు రాలడం మొదలుకాగానే వాడే గుండు చేయించుకుని, "వేములాడ రాజన్న మొక్కు తీరింది" అని ఫొటో పంపాడు. కాలనీ వాట్సాప్ గ్రూపులో సగం మంది నిజంగానే మొక్కు అనుకుని దండాలు పెట్టారు.

అదే నెలల్లో జియో సిమ్‌లు వచ్చాయి. ఫ్రీ డేటా. ఆస్పత్రి మంచం మీద వాడు చూడని వీడియో లేదు. ఒక రాత్రి నాకు ఒక లింకు పంపాడు. కెనడా కుర్రాడు టెర్రీ ఫాక్స్. వీడికి వచ్చిన జబ్బే. 1977లో, 18 ఏళ్ల వయసులో కుడికాలు మోకాలి పైకి తీసేశారు. మూడేళ్ల తర్వాత, 1980 ఏప్రిల్ 12న, క్యాన్సర్ పరిశోధనకు చందాలు పోగేయడానికి కెనడాను ఈ చివర నుంచి ఆ చివరికి ఉరుకుతానని బయలుదేరాడు. పెట్టుడు కాలుతో. రోజుకు దాదాపు 42 కిలోమీటర్లు, అంటే రోజుకో మారథాన్. మంచికాలితో రెండుసార్లు గెంతి పెట్టుడుకాలు ముందుకు వేసే ఆ పరుగు వీడియోలో చూస్తే మన కాలే నొస్తుంది. 143 రోజులు, 5,373 కిలోమీటర్లు. సెప్టెంబర్ 1న థండర్ బే అనే ఊరి దగ్గర ఆగిపోవాల్సి వచ్చింది. జబ్బు ఊపిరితిత్తులకు పాకింది. మరుసటి ఏడాది జూన్ 28న చనిపోయాడు. ఇంకో నెల ఉంటే 23 నిండేవి. అతని పేరుతో ఏటా పరుగులు జరుగుతూనే ఉన్నాయి, మన దేశంలో కూడా. చెన్నైలో ఐఐటీ మద్రాస్ ప్రాంగణంలో జరిగింది.

నాకు అనిపించింది, వీడికి మంచి ధైర్యం దొరికిందని. వాడు రాసిన మెసేజ్ ఇప్పటికీ ఉంది: "గ్రేట్ బే. కాని గన్ని కిలోమీటర్లు నాతోని కాదు. నాకు 800 మీటర్లు చాలు."

2017 మొదట్లో ఆపరేషన్ అయింది. ఎముక తీసి లోహం పెట్టారు. ఆరు నెలలు కర్రలతో, తర్వాత కర్ర లేకుండా. నడక కొంచెం పక్కకు ఒరిగేది, అంతే. నేను అప్పుడు సెంటినరీ కాలనీలో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీలో చదువుతున్నాను. సెలవు దొరికితే వాడింట్లోనే. నవంబర్ చివర్లో హైదరాబాద్ మెట్రో మొదలైంది. డిసెంబర్‌లో చెకప్‌కు వాడితో పాటు నేనూ పోయాను. ఆస్పత్రి పని అయ్యాక అమీర్‌పేటలో మెట్రో ఎక్కుదామన్నాడు. ఎక్కడికి? ఎక్కడికీ కాదు, ఊరికే. సెక్యూరిటీ గేట్‌లోంచి వాడు పోగానే బీప్. జేబులో ఫోన్ తీశాడు, బీప్. తాళాలు, బెల్టు, చివరికి మెడలో తాయెత్తు కూడా తీశాడు, అయినా బీప్. వెనక లైన్ పెరిగిపోతోంది. వాడు చాలా వినయంగా "సార్, కాలు తీసి ట్రేలో పెట్టాల్నా?" అని అడిగాడు. సెక్యూరిటీ ఆయన ముఖం చూడాలి. ప్యాంటు కొంచెం పైకి లాగి కుట్ల గీత చూపించాక ఆయన వాడి భుజం మీద చెయ్యి వేసి లోపలికి పంపాడు. మియాపూర్ దాకా నిలబడే వచ్చాం, సీటు దొరికినా కూర్చోలేదు వాడు. కిటికీలోంచి కింద ట్రాఫిక్ చూస్తూ, "భూమి మీద ఉద్యోగం అంటే గిది. భూమి పైన ఉద్యోగం" అన్నాడు.

ఆ రోజు చెకప్‌లో తీసిన ఛాతీ స్కాన్ రిపోర్టు నాలుగు రోజులకు వచ్చింది. ఊపిరితిత్తుల్లో మచ్చలు.

ఇక్కడి నుంచి ఏడు నెలలు. వాటిలో చాలా రోజుల గురించి చెప్పేదేం లేదు, రోగం రోగమే. చెప్పాల్సింది వాడి చుట్టూ జరిగిన దాని గురించి. చూడటానికి వచ్చేవాళ్లు రెండు రకాలు. ఒకళ్లు మందు తెచ్చేవాళ్లు: బొప్పాయాకు రసం, ఏదో వేరు, ఏదో ఊళ్లో మంత్రం, ఫార్వర్డ్ చేసిన వీడియో. ఇంకొకళ్లు మా వయసువాళ్లు. వాళ్లు వాడిని 'ఫైటర్' అనేవాళ్లు. స్టేటస్‌లు పెట్టేవాళ్లు. 'కొట్లాడు బ్రో, నువ్వు గెలుస్తవ్.' వాడికి మొదటి రకం మీద కోపం లేదు, బొప్పాయాకు రసం తాగుతున్నట్టు నటించి మొక్కల్లో పోసేవాడు. రెండో రకమే నచ్చేది కాదు. "నేనేం కొట్లాడుతలేను బే. మందు ఎక్కిస్తే ఎక్కించుకుంటాన, పండుకోమంటే పండుకుంటాన. రేపు నేను పోతే ఓడిపోయిన అంటరా? సరిగ్గ కొట్లాడలేదంటరా?" అన్నాడు ఒకసారి. నా దగ్గర జవాబు లేదు. వాడు కూడా జవాబు కోసం అడగలేదు. వెంటనే టాపిక్ మార్చి మా క్లాసులో ఎవరు ఎవరితో మాట్లాడటం లేదో అడిగాడు.

వాడికి కావలసింది అదే. గాసిప్. నా ల్యాబ్ ఎగ్జామ్‌లో ఏం జరిగింది, హాస్టల్ సాంబార్‌లో ఏం తేలింది, ఫలానావాడికి బ్యాక్‌లాగ్‌లు ఎన్ని. సంక్రాంతికి మా అమ్మ చేసిన సకినాలు తీసుకుపోతే, "ఉప్పు తక్కువైంది, మీ అమ్మకు చెప్పు" అన్నాడు. నోట్లో పుండ్లు ఉన్నాయి, ఉప్పు తగిలితే మంట. అయినా అన్నాడు. జబ్బు మనిషికి జబ్బు గురించి తప్ప ఇంకో మాట దొరకదనుకుంటారు గానీ, మీకు అలాంటి దోస్తు ఉంటే పోయి మామూలు విషయాలు మాట్లాడండి. గొడవ పడండి. వాడి మీద పాత బాకీ ఉంటే అడగండి. వీడు నాకు 340 రూపాయలు బాకీ. అడిగితే "ఈఎంఐ పెట్టు" అన్నాడు.

ఆ ఏడాది ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ ఫైనల్‌కు వచ్చింది. మే 27. ఫోన్‌ను స్టీల్ గ్లాసుకు ఆనించి చూశాం. వాట్సన్ సెంచరీ కొట్టి మ్యాచ్ లాక్కుపోతుంటే వాడు పెట్టిన తిట్లు విని అత్తమ్మ వంటింట్లోంచి వచ్చింది. ఆ వారం రోజుల్లో వాడు అంత గట్టిగా మాట్లాడింది అప్పుడే.

నాలుగు రోజుల తర్వాత, మే 31న, కానిస్టేబుల్ నోటిఫికేషన్ వచ్చింది. వాడు ఎదురుచూసిన నోటిఫికేషన్. పీడీఎఫ్ నాకు పంపి ఇంటికి రమ్మన్నాడు. చదివి వినిపించమన్నాడు, వాడికి అప్పటికి ఎక్కువసేపు ఫోన్ పట్టుకుంటే ఆయాసం. పోస్టులు, వయసు, ఎత్తు, ఛాతీ, అన్నీ చదివాను. ఛాతీ కొలత దగ్గర, ఊపిరి పీలిస్తే ఎంత పెరగాలో చదివినప్పుడు నవ్వాడు. 800 మీటర్లు, 170 సెకన్లు చదివాను. మోకాళ్లు, పాదాలు ఎలా ఉంటే పనికిరారో ఆ లిస్టు కూడా చదవమన్నాడు. "దాంట్ల ఇనుప మోకాలు ఉందా?" లేదన్నాను. "మరి అప్లై చెయ్యొచ్చు కదా" అన్నాడు. మామ అక్కడే గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "చెయ్యి బిడ్డా. పోలీసే అవుదువు" అన్నాడు. తండ్రి ఆ ఉద్యోగానికి సరే అనడం నాకు తెలిసి అదే మొదటిసారి.

ఆఖరి నెలలో నొప్పి. దీని గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మాకెవరికీ తెలియదు. హైదరాబాద్ డాక్టరు మార్ఫిన్ గోళీలు రాశాడు. అత్తమ్మ ఒప్పుకోలేదు. మత్తు మందు, అలవాటైతది, దాంతోనే పోతడు అని ఆమె భయం. మన దేశంలో చాలాకాలం డాక్టర్లకూ ఆస్పత్రులకూ కూడా మార్ఫిన్ అంటే భయమే. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల దాన్ని తెప్పించడానికి బోలెడు లైసెన్సులు కావాల్సి వచ్చేది. 2014లో చట్టాన్ని సవరించి దారి కొంత సులభం చేశారు. క్యాన్సర్ నొప్పికి డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం వాడితే అది వ్యసనం కాదు, వైద్యం. దీనికి పాలియేటివ్ కేర్ అని ఒక విభాగమే ఉంది. జబ్బు నయం కాని దశలోనూ నొప్పి, ఆయాసం, నిద్రలేమి చూసుకోవడమే దాని పని. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో, 1955 నుంచి నడుస్తున్న ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో కూడా ఆ విభాగం ఉంది. ఇవన్నీ వాళ్లమ్మకు చెప్పి ఒప్పించింది డాక్టరు కాదు, మా కాలనీలోనే ఉండే ఒక రిటైర్డ్ సిస్టరమ్మ. "నొప్పి ఓర్చుకుంటే పుణ్యమేం రాదు అక్కా. పిల్లగాన్ని నిద్రపోనియ్యి" అంది. ఆ రాత్రి వాడు ఆరు గంటలు పడుకున్నాడు. పక్కన మామ కూడా పడుకున్నాడు. రెండు వారాల్లో ఆయన నిద్రపోవడం అదే మొదలు.

నొప్పిని ఓర్చుకోవడం మా ఊళ్లో గొప్పగా చెప్పుకునే విద్య. రూఫ్ కింద వేళ్లు నలిగినా గుడ్డ చుట్టుకుని షిఫ్ట్ పూర్తి చేసినవాళ్ల కథలు వింటూ పెరిగాం మేం. ఆ విద్య వాడికి ఏ రకంగానూ పనికిరాలేదు.

2018 జూలైలో, వాన పడుతున్న ఒక తెల్లవారుజామున పోయాడు. 21 ఏళ్లు. మొదటి షిఫ్ట్‌కు పోయేవాళ్లు బండ్లు ఆపి, టిఫిన్ బాక్సులతోనే వచ్చి నిలబడ్డారు. స్టేడియం పిల్లలు ట్రాక్ ప్యాంట్లతోనే వచ్చారు. గోదావరి ఒడ్డు దాకా వాళ్లే మోశారు.

మూడో రోజు బూడిద ఎత్తడానికి పోయినప్పుడు, ఎముకల మధ్య ఆ లోహపు మోకాలు అలాగే ఉంది. నల్లబడింది గానీ వంగలేదు. అక్కడున్నవాళ్లకు ఏం చేయాలో తెలియలేదు. మామ దాన్ని చేతిలోకి తీసుకుని, కడిగి, కీలు ఆడుతుందో లేదో అటూ ఇటూ మడిచి చూశాడు. ముప్పై ఏళ్లుగా పంపులు, హాలర్లు విప్పి బిగించిన చేతులు. "మంచి ఫిట్టింగ్" అన్నాడు. బూడిదతో పాటు దాన్ని నదిలో కలపలేదు. టవల్‌లో చుట్టి ఇంటికి తెచ్చుకున్నాడు.

వాడి నంబర్ నా ఫోన్‌లో చాలా రోజులు అలాగే ఉంది. రీచార్జ్ చేయకపోతే కొన్ని నెలలకు నంబర్ ఇంకొకరికి ఇచ్చేస్తారు కదా. ఒక రోజు వాట్సాప్‌లో ఆ పేరు మీద కొత్త డీపీ వచ్చింది. ఎవరో చిన్న పాప, బర్త్‌డే కేకు. భయం వేయలేదు, కోపం రాలేదు. పాప బాగుంది. పేరు మాత్రం మార్చలేదు. చాట్ పైకి జరిపితే 340 రూపాయల ఈఎంఐ మెసేజ్ దగ్గరికి పోవచ్చు.

మామకు ఇంకో రెండేళ్ల సర్వీసు ఉంది. అన్‌ఫిట్‌కు పెట్టుకోమని చెప్పినవాళ్లున్నారు, కూతురికి ఉద్యోగం వస్తుందని. బిడ్డ నర్సింగ్ చదువుతానంది, చదివిస్తున్నాడు. మొదటి షిఫ్ట్ లేని రోజుల్లో పొద్దున్నే స్టేడియానికి పోతున్నాడు. నడవడానికి అంటాడు. పోయిన దసరాకు ఇంటికి పోయినప్పుడు నేనూ వెంట పోయాను. ఉరికే పిల్లల్లో ఎవరైనా కుంటితే ఆయన ఆపి అడుగుతున్నాడు. పిల్లలకు ఆయన ఎవరో తెలియదు. ఎవరో కోచ్ అనుకుంటారు కాబోలు. ఆ రోజు ఒక సన్నటి పిల్లోడు ట్రాక్ పక్కన మోకాలు పట్టుకుని కూర్చున్నాడు.

"ఏడ నొస్తాంది?"

"గీడ, మోకాలు కింద."

"పండుకున్నంక నొస్తాందా? రాత్రి లేస్తానవా?"

"లేదు. ఉరికినప్పుడే."

"వాపుందా?" అని కూర్చుని, రెండు మోకాళ్లూ చేతులతో పోల్చి చూశాడు. బొటనవేలితో అక్కడక్కడా నొక్కాడు. "రెండు దినాలు ఆపు. తగ్గకపోతే ఎక్స్‌రే తీయించుకో, తైలాలు రాయకు. టైం ఎంతొస్తాంది?"

పిల్లోడు చెప్పాడు. ఇప్పుడు పరుగు 1600 మీటర్లకు పెంచారు కాబట్టి ఆ నంబర్ ఎంత మంచిదో మామకు అర్థం కాలేదు. నా వైపు చూశాడు. నేను ఫోన్‌లో లెక్క కట్టి, బాగానే ఉంది అన్నాను.